గుట్ట బాటల్లో ఒక్కరే సైకిల్ తొక్కాలంటే

మీ దగ్గర మంచి గేర్ సైకిల్ ఉంది. జమ్మలమడుగు పక్కన ఎర్రమల గుట్టల్లోనో, అనంతపురం చుట్టుపక్కల గుండ్ల మధ్యనో స్నేహితులతో కొన్నాళ్లుగా తొక్కుతున్నారు. రాళ్లు, మెట్లు, నిలువు వాలు కొంత అలవాటయ్యాయి. ఇప్పుడు ఒక్కరే వెళ్లాలనిపిస్తోంది. వెళ్లండి. పొద్దున్నే గుట్ట మీద ఒక్కరే తొక్కుతుంటే కుదిరే ఏకాగ్రత గుంపులో కుదరదు. ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు, ఎవరినీ అందుకోవాలన్న తొందర ఉండదు. కాకపోతే ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. నలుగురితో ఉన్నప్పుడు కాలు మెలికపడితే ఎవరో ఒకరు భుజం ఇస్తారు, ఇంకొకరు నీళ్లు తెస్తారు. ఒక్కరే ఉన్నప్పుడు అదే దెబ్బ, సిగ్నల్ అందని వంకలో, నడినెత్తిన ఎండతో ప్రాణం మీదికి తేవచ్చు.

అందుకే ఒక్కరే వెళ్లే రోజు కొత్తది ఏదీ పెట్టుకోకండి. కొత్త బాట, కొత్త విద్య, ఇంకా చేతికి అలవాటు కాని బ్రేకులు, ఇవన్నీ తోడున్న రోజుకు ఉంచుకోండి. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

బాట ఎంచుకోవడం

తోడుతో ఇప్పటికే తొక్కిన బాటనే ఎంచుకోండి. ఏ మలుపు తర్వాత ఏముందో కళ్లు మూసుకున్నా గుర్తురావాలి. సైకిల్ పాడైతే తోసుకుంటూ ఊరికో రోడ్డుకో గంటలో చేరగలగాలి. రెండు మూడు కిలోమీటర్లు దాటి లోపలికి పోయే బాట అయితే ఇంకొకరు దొరికేదాకా ఆగండి.

బాట ఎంత కష్టమో కొలవడానికి ఇంబా అనే అంతర్జాతీయ మౌంటెన్ బైకింగ్ సంస్థ లెక్క ఒకటి ఉంది. నీలం చతురస్రం గుర్తున్న బాటలో తప్పించుకోలేని అడ్డంకులు 8 అంగుళాల ఎత్తు దాకా, నల్ల డైమండ్ బాటలో 15 అంగుళాల దాకా ఉండవచ్చు. మనం తొక్కే గొర్రెల బాటల మీద ఆ బోర్డులు ఉండవు కాబట్టి మన చేతి కొలతే వాడుకుందాం. జానెడు ఎత్తు మెట్టు దాదాపు నీలం లెక్క. మూరెడు ఎత్తు మెట్టు నల్ల డైమండ్‌నూ దాటిపోతుంది. ఒక్కరే ఉన్నప్పుడు జానెడు దాటిన మెట్టు దగ్గర దిగి నడవడం నా పద్ధతి. మీరు నాకంటే బాగా తొక్కేవారైతే మీ కొలత ఇంకాస్త పెద్దదే కావచ్చు. అదెంతో ఇంట్లో ఉన్నప్పుడే తేల్చుకోండి. గుట్ట మీద ఉత్సాహంలో ఉన్నప్పుడు కొలత పెరిగిపోతుంది.

వెళ్లకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. లంకమల, శేషాచలం, నల్లమల రిజర్వు అడవుల్లోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరం. ఎర్రచందనం ఉన్న అడవుల్లో ఫారెస్టు వాళ్ల గస్తీ ఉంటుంది, తెల్లవారుజామున సంచి తగిలించుకుని ఒంటరిగా కనిపించే మనిషిని వాళ్లు అనుమానించడం సహజం. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది కడప జిల్లా పొదల అడవుల్లోనే. నేల మీద తిరిగే ఆ పక్షి బతికే చోట మన టైరు జాడ పడకపోతేనే మంచిది. గండికోటలో కోట లోపలి కట్టడాల దగ్గర తొక్కకండి, పెన్నా లోయ అంచుకు దగ్గరగా అసలే వద్దు. కింద నది దాకా మూడు వందల అడుగుల లోతు ఉంది. అంచున పడుకోబెట్టినట్టుండే బండలన్నీ కదలకుండా ఉంటాయన్న నమ్మకం లేదు.

బాట గురించి మ్యాపు చెప్పని సంగతులు గొర్రెల కాపరులు చెబుతారు. సైకిల్ దిగి, హెల్మెట్ తీసి, "అన్నా, ఈ బాట యాడికి పోతాది?" అని అడగండి. "గుట్ట మీద దాకా పోతాది, ఆ పక్క దిగేకి కాదు" అన్నాడంటే ఆ పక్క దిగకండి. వంకలో నీళ్లున్నాయా, ఈ మధ్య ఎలుగుబంటి కనిపించిందా, ఎక్కడ కంప వేసి దారి మూశారు, ఇవన్నీ ఆయనకు తెలుసు. ఆయన మిమ్మల్ని చూశాడన్నది కూడా మీకు రక్షణే.

కాలం, వేళ

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మన జిల్లాల్లో ఇలాంటి పనికి మంచి రోజులు. ఏప్రిల్, మే నెలల్లో ఒంటరిగా వద్దు. పొద్దున బాగా వెలుతురు వచ్చాక మొదలుపెట్టండి. మసక వెలుతురులో ఎలుగులు, పందులు ఇంకా తిరుగుతుంటాయి, రాతి నీడ ఏదో గుంత ఏదో కంటికి తెలియదు. తొమ్మిదిన్నర, పదికల్లా బయటికి రావాలి. మార్చి నుంచైతే ఇంకా ముందే.

వాన పడితే రెండు రోజులు ఆగండి. నల్లరేగడి తడిస్తే చక్రానికీ ఫ్రేముకూ మధ్య ముద్దలా పేరుకుని నాలుగు అడుగుల్లో చక్రం తిరగనివ్వదు. బేతంచెర్ల, తాడిపత్రి వైపు నాపరాతి బండలు తడిగా ఉంటే ఎంత మంచి టైరైనా జారుతుంది. పారుతున్న వంకను ఒంటరిగా దాటకండి. మీ నెత్తిన ఎండ ఉన్నా పైన ఎక్కడో కురిసిన వాన దిగి వస్తుంది. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు నీళ్లు ఎంత వేగంగా వస్తాయో కడప జిల్లా అంతా చూసింది.

ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి

"అట్లా గుట్టల వైపు పోయొస్తా" అంటే చెప్పినట్టు కాదు. మిమ్మల్ని వెతకాల్సి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ మాటలో ఉండాలి. అమ్మకు చెబితే టెన్షన్ పడుతుందని అనుకుంటే బావకు చెప్పండి, సైకిల్ షాపు ఆయనకు చెప్పండి. చెప్పినవాళ్లు గాభరా పడకుండా కదిలేవాళ్లయి ఉండాలి. మెసేజ్ ఇలా ఉండొచ్చు:

"బావా, పొద్దున ఆరున్నరకు గండికోట దారిలో టీ కొట్టు దగ్గర బండి పెట్టి, ఎడమ పక్క గొర్రెల బాటలో గుట్ట ఎక్కుతా. అదే దారిన దిగుతా. తొమ్మిదిన్నరకు ఫోన్ చేస్తా. పదిన్నర దాకా నా ఫోన్ రాకపోతే నువ్వు చెయ్యి. పదకొండుకు కూడా ఎత్తకపోతే టీ కొట్టు ఆయనకు చెప్పి మనుషులను పంపించు, 112కు ఫోన్ చెయ్యి."

తర్వాత ఆ దారి మార్చకండి. గుట్ట మీదికి పోయాక పక్క బాట ఎంత బాగా కనిపించినా సరే, మీరున్న చోటు బావకు తెలియకుండా పోతుంది.

వాట్సాప్ లైవ్ లొకేషన్ 8 గంటల దాకా పెట్టుకోవచ్చు, పెట్టండి. సిగ్నల్ పోతే మాత్రం అది చివరిగా దొరికిన చోటే చూపిస్తుంది. కాబట్టి మెసేజ్ తప్పదు. మ్యాపును ముందే ఫోన్‌లోకి దింపుకోండి. దగ్గరి ఊరి పేరు, మండలం పేరు గుర్తుంచుకోండి. 108కు ఫోన్ చేస్తే మొదట అడిగేది అదే.

సైకిల్, సంచి

మన నేల మీద మొదటి శత్రువు ముల్లు. పల్లేరు కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది, కంప చెట్టు ముల్లు బలమైన టైరులోనూ దిగుతుంది. ట్యూబ్‌లెస్ టైరులో సీలెంట్, అంటే చిల్లిని లోపలి నుంచి మూసేసే ద్రవం ఉంటే చిన్న ముళ్లు పెద్ద లెక్క కాదు. 29 అంగుళాల టైరుకు 100 నుంచి 120 మిల్లీలీటర్లు పోయండి. మన ఎండలకు అది తొందరగా ఎండిపోతుంది, రెండు నెలలకొకసారి చూసుకోవాలి. ముల్లు గుచ్చుకుని ఉండి గాలి పోకపోతే బాట మీద పీకకండి, ఇంటికి వచ్చాక చూసుకోవచ్చు.

ట్యూబు వాడేవారు రెండు స్పేర్ ట్యూబులు, ప్యాచ్‌లు, పంపు పెట్టుకోండి. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపలి వైపు వేళ్లతో చుట్టూ మెల్లగా తడమండి. విరిగిన ముల్లు మొన బయటికి కనిపించదు, లోపల ఇసుక రేణువంత గరుకుగా తగులుతుంది. గోటితో రాకపోతే బయటి నుంచి టైరును వంచి, మొన పైకి తేలాక ప్లయర్‌తో లాగండి. ఇది చేయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో అదీ పోతుంది. రెండో ట్యూబు పోయాక మిగిలేది నడకే.

గాలి విషయం: 70 కిలోల మనిషికి, 2.3 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరుకు ముందు 23, వెనుక 26 పీఎస్ఐతో (పంపు మీటరు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) మొదలుపెట్టి చూడండి. ట్యూబు ఉంటే నాలుగైదు పెంచండి, లేకపోతే రాతి అంచుకు రిమ్ము తగిలి ట్యూబు నలిగిపోతుంది.

బ్రేక్ ప్యాడ్‌లు, చక్రాల యాక్సిల్, హ్యాండిల్ బోల్టులు బయలుదేరే ముందు రోజు రాత్రే చూసుకోండి. చైన్ టూల్ ఉన్న మల్టీటూల్, తెగిన చైన్‌ను కలిపే క్విక్ లింక్ ఒకటి, వెనుక గేరు మార్చే డిరేలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ మీ సైకిల్‌కు సరిపోయేది ఒకటి సంచిలో ఉండాలి. హెల్మెట్, చేతి గ్లౌజులు, మోకాలి ప్యాడ్‌లు తప్పనిసరి. నీళ్లు మూడు లీటర్లు. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలపాల్సినది, అరలీటరు సీసాలో మొత్తం పోసేయకండి. క్రేప్ బ్యాండేజి, శుభ్రమైన గుడ్డ, చిన్న టార్చి, విజిల్.

ఫోన్, విజిల్ రెండూ మీ ఒంటి మీద ఉండాలి. హ్యాండిల్ మీద బిగించిన ఫోన్ సైకిల్‌తో పాటు ముప్పై అడుగుల కిందికి పోతే, కాలు విరిగిన మనిషికి అది ఉన్నా లేనట్టే.

దిగే ముందు నడవండి

కష్టమైన ప్రతి ముక్క దగ్గరా సైకిల్ పక్కన పెట్టి కిందిదాకా నడవండి. ఇదివరకు తొక్కిన చోటే అయినా నడవండి. మొన్నటి వానకు మట్టి కొట్టుకుపోయి మెట్టు ఇంకో నాలుగు అంగుళాలు లోతై ఉండొచ్చు, గొర్రెలు తొక్కి రాయి దొర్లి ఉండొచ్చు. కిందికి చేరాక వెనక్కి తిరిగి పైకి చూడండి. పై నుంచి నున్నగా కనిపించిన వాలులో ఉన్న గుంతలు, రాళ్ల వెనుక ఖాళీలు కింది నుంచే తెలుస్తాయి. తర్వాత గొంతుకూర్చుని, కంటి ఎత్తు తగ్గించి, చక్రం వెళ్లే గీతను ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూపుతో గీయండి.

అప్పుడు మూడు విషయాలు తేల్చుకోండి. ఎక్కడ బ్రేకు వదలాలి? ఎక్కడ మళ్లీ పట్టుకోవాలి? తప్పితే ఎటు పడతాను? మూడో దానికి జవాబు మట్టి, గడ్డి అయితే తొక్కొచ్చు. గుండు, కంప చెట్టు, లోయ అయితే ఎంత సులువుగా కనిపించినా సైకిల్‌ను నడిపించుకుంటూ దిగండి. రాయి పెద్దదా చిన్నదా అన్నదానికంటే దీనికే ఎక్కువ విలువ ఇస్తాను నేను. చిన్న రాయి దగ్గర తప్పి పెద్ద లోయలో పడొచ్చు, పెద్ద మెట్టు దగ్గర తప్పి ఇసుకలో పడొచ్చు.

తొక్కేటప్పుడు

సీటు దించండి. పెడల్స్ రెండూ నేలకు సమంగా, మడమలు కిందికి, మోకాళ్లూ మోచేతులూ వంగి, బయటికి తెరుచుకుని ఉండాలి. నిలువు వాలులో భయంతో ఒళ్లంతా సీటు వెనక్కి పోతుంది. అలా పోతే ముందు చక్రం మీద బరువు తగ్గి అది పట్టు వదులుతుంది. బరువు పాదాల మీద ఉంచి, నడుము దగ్గర వంగి, గడ్డం హ్యాండిల్ వైపు ఉండేలా చూసుకోండి. చూపు ముందు చక్రం దగ్గర కాకుండా రెండు మూడు సైకిళ్ల దూరంలో ఉండాలి. బ్రేకుకు ఒక్క వేలు చాలు, మిగతావి హ్యాండిల్‌ను పట్టుకోవాలి.

ఇక్కడి నుంచి నేలను బట్టి మారుతుంది. అనంతపురం, గుత్తి, పెనుకొండ వైపు గ్రానైట్. ఎండకూ వానకూ అది గింజలు గింజలుగా రాలి, పరుపు బండల మీద గరుసు పరుచుకుని ఉంటుంది. దాని మీద చక్రం వెళ్లడం రాగులు ఆరబోసిన బండ మీద నడిచినట్టే. గరుసు మొదలయ్యే ముందే, శుభ్రమైన రాయి మీద వేగం తగ్గించుకోండి. గరుసు మీద హ్యాండిల్ తిప్పకండి, ముందు బ్రేకు పట్టకండి, తిన్నగా దాటేసి అవతలి గట్టి నేల మీద మలుపు తీసుకోండి. గరుసు లేని ఎండిన గ్రానైట్ మాత్రం టైరును భలే పట్టుకుంటుంది. నిలువుగా కనిపించే బండ కూడా అక్కడ నెమ్మదిగా దిగొచ్చు.

గండికోట, ఎర్రమల వైపు నేల వేరు. క్వార్ట్‌జైట్ పొరలు పొరలుగా ఉండి, చదరంగా, పదునైన అంచులతో విరుగుతుంది. బాటంతా మెట్లు మెట్లుగా ఉంటుంది. టైరు పక్క గోడ కోసుకుపోయేది ఇక్కడే, అందుకే ఇక్కడ గాలి ఒకటి రెండు పీఎస్ఐ ఎక్కువ పెడతాను. మెట్టు మీదికి ఏటవాలుగా కాకుండా తిన్నగా రండి. ముందు చక్రం అంచు దాటగానే మోచేతులు చాచి చక్రాన్ని కిందికి నెట్టండి, మీ ఛాతీ దానితో పాటు దిగిపోకూడదు. చక్రం కింద తగిలే క్షణంలో ముందు బ్రేకు పూర్తిగా వదిలి ఉండాలి. అది పట్టి ఉంటే సైకిల్ ఆగిపోతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పోతాడు. హ్యాండిల్ మీదుగా పడటానికి చాలావరకు కారణం ఈ ఒక్క వేలే.

రాళ్లు పరిచినట్టున్న చోట మరీ నెమ్మదిగా పోతే ప్రతి రాయీ ఆపుతుంది. మనిషి వేగంగా నడిచేదానికంటే కాస్త ఎక్కువ వేగం చాలు. పెడల్ పూర్తిగా తిప్పితే రాతికి తగులుతుంది కాబట్టి సగం ముందుకు, సగం వెనక్కి వేస్తూ తొక్కండి. ఎక్కేటప్పుడు ఆగిపోతే కాలు ఎప్పుడూ గుట్ట వైపే పెట్టాలి, లోయ వైపు పెడితే కాలికి నేల అందదు. పడబోతున్నానని తెలిస్తే సైకిల్‌ను వదిలేయండి. ఎంత ఖరీదైనదైనా వదిలేయండి.

బాగా దిగాక "ఇంకొక్కసారి" అనిపిస్తుంది. అలసిన చేతులతో రెండోసారి దిగేటప్పుడు అదే మెట్టు పెద్దదవుతుంది. ఒంటరిగా ఉన్న రోజు ఒక చోటును ఒకసారి దిగి ముందుకు సాగిపోండి. బ్రేకు వేలు వణుకుతున్నా, చలిగా అనిపించినా, తలనొప్పి మొదలైనా నీడలో ఆగి నీళ్లు తాగి, నడుస్తూ వెనక్కి వచ్చేయండి. ఎండదెబ్బ మొదలవుతున్నదన్న కబురు అది.

ఎదురయ్యేవి

గొర్రెల మంద వస్తే దిగి నిలబడండి. మంద కుక్కలు మీదికొస్తే సైకిల్‌ను మధ్యలో అడ్డం పెట్టుకుని, కాపరిని కేకేస్తూ మెల్లగా నడవండి. మలుపుల దగ్గర బెల్లు కొట్టండి, ఎలుగుకు మీరొస్తున్నట్టు ముందే తెలియాలి. రాతి సందుల్లో చేయి పెట్టకండి, ఇసుక పింజరి ఉండే చోట్లు అవే. పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు. ఉంగరం, గడియారం తీసేసి, కరిచిన కాలినో చేతినో కదపకుండా కూర్చుని 108కు ఫోన్ చేయండి. విరుగుడు మందు ఉన్న ప్రభుత్వాసుపత్రికి చేరడమే వైద్యం.

పడితే

వెంటనే లేవకండి. సిగ్గుతోనో కంగారుతోనో గబుక్కున లేచి నిలబడే అలవాటు అందరికీ ఉంటుంది, చూసేవాళ్లు ఎవరూ లేకపోయినా ఉంటుంది. పడుకున్న చోటే ఊపిరి తీసుకుని, కాలి వేళ్లు, చేతి వేళ్లు కదపండి. మెడ నొప్పిగా ఉన్నా, చేతుల్లో కాళ్లలో తిమ్మిరిగా ఉన్నా కదలకుండా అక్కడి నుంచే ఫోన్ చేయండి, విజిల్ మూడేసిసార్లు ఊదుతూ ఉండండి. మెడ బాగుంటే మెడ కింద అడ్డంగా ఉండే కాలర్ ఎముక మీద, మణికట్టు మీద వేలితో నొక్కి చూసుకోండి. చేయి చాచి పడినప్పుడు విరిగేవి ఎక్కువగా అవే. రక్తం కారుతుంటే గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోండి.

హెల్మెట్ పగిలితే ఆ రోజుకు తొక్కడం అయిపోయింది. తల బాగానే ఉందనిపించినా నడిచే బయటికి రండి. వాంతి, మగత, మాట తడబడటం ఉంటే ఇంటికి కాకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. సాయం కావాలా వద్దా అన్న అనుమానం వచ్చిందంటే ఫోన్ చేసేయండి. దెబ్బ తగిలిన వేడిలో నొప్పి తెలియదు. అరగంట తర్వాత తెలిసేసరికి ఎండ ఎక్కి ఉంటుంది, బ్యాటరీ తగ్గి ఉంటుంది.

బయటికి వచ్చాక

ముందు ఫోన్. మీరు బయటికొచ్చారని తెలియక బావ మనుషులను పంపిస్తే, ఇంకోసారి నిజంగా అవసరమైనప్పుడు ఎవరూ కదలరు.

ఇంటికి వచ్చి టైర్లలో ముళ్లు ఏరి, ఆ రోజు ఏయే చోట్ల దిగి నడిచారో రాసి పెట్టుకోండి. తోడు దొరికిన ఆదివారం నేర్చుకోవాల్సినవి అవే. ఆ మూరెడు మెట్టు దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు స్నేహితుణ్ణి కింద, చక్రం దిగే గీతకు పక్కగా, మీరు పడితే మీద పడనంత దూరంలో నిలబెట్టండి. ముందు చక్రాన్ని అంచు మీద పెట్టి, ఆయన చేత సైకిల్ పట్టించుకుని, దిగకుండానే ఒళ్లు ఎంత వంగాలో చూసుకోండి. ఆ తర్వాత తొక్కండి.